కాంపౌండ్ విల్లు కొనే ముందు చేతులు చాచి కొలవండి

విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలవడం చూసి మీ ఇంట్లోనూ ఎవరైనా కాంపౌండ్ విల్లు అడుగుతున్నారా? ధర, కంపెనీ సంగతి తర్వాత. ముందు డ్రా లెంగ్త్, అంటే నారిని ఎంత దూరం లాగాలో ఆ కొలత చూడండి.

మామూలు వింటిని ఎవరి చేతికి అందినంత వారు లాగుతారు. కాంపౌండ్ విల్లులో కొసలకుండే చక్రాలు (క్యామ్‌లు) తిరిగి ఒకచోట గట్టిగా ఆగిపోతాయి. ఆ చోటు మన చేతి పొడవుకు కుదరాలి. గోడకు వీపు ఆనించి, చేతులు భుజాల ఎత్తులో చాచి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి. 70 అంగుళాలు వస్తే డ్రా లెంగ్త్ సుమారు 28. ఇది తొలి అంచనాయే, కోచ్ ఎదుట లాగి చూసి అర అంగుళం అటూ ఇటూ సరిచేయించాలి. కొలత ఎక్కువైతే తల వెనక్కి వాలుతుంది, విల్లు పట్టిన మోచేయి బిగుసుకుపోయి వదిలిన నారి ముంజేతిని చరుస్తుంది. ఆ దెబ్బకు పిల్లలు భయపడిపోతారు పాపం!

డ్రా వెయిట్‌కు, అంటే నారి లాగడానికి పౌండ్లలో ఎంత బలం కావాలో దానికి, ఒక పరీక్ష ఉంది. శిక్షణ మైదానంలో కుర్చీలో కూర్చుని, బాణం సంధించి, విల్లును లక్ష్యం వైపే ఉంచి లాగండి. విల్లు పైకెత్తితే గానీ నారి రాకపోతే పౌండ్లు తగ్గించాల్సిందే. బాణం లేకుండా మాత్రం నారి ఎన్నడూ వదలకండి, విల్లే విరిగిపోవచ్చు.