పనివారు నిలవడం లేదా? బట్టల దుకాణం యజమానులకు సమస్య - పరిష్కారం

ఇరవై ఏళ్లకు పైగా బట్టల దుకాణం నడుపుతున్నాను. ఇప్పుడు నా దగ్గర పదహారు మంది పనిచేస్తున్నారు. ఒకప్పుడు ఏడాది తిరిగేసరికి వారిలో సగం మంది కొత్తవారే ఉండేవారు. ధర్మవరం చీరకూ వెంకటగిరి చీరకూ తేడా వివరించగలిగే దశకు వచ్చేసరికి మనిషి మానేసేవాడు. జీతం పెంచితే ఆగుతారనుకుని పెంచాను. ఆగలేదు. తరువాత ఒక్కొక్క ఇబ్బందినీ విడిగా తీసుకుని వెతికితే చాలావాటికి మూలం ఒకటే కనిపించింది. జీతం ఏ రోజు వస్తుందో, సెలవు దొరుకుతుందో లేదో, ఏ పొరపాటుకు ఎంత కోత పడుతుందో పనివారికి ముందుగా తెలియదు. అన్నీ ఆ రోజు నా మనసు ఎలా ఉంటే అలా జరిగేవి. మీ దుకాణంలో కనిపిస్తున్న లక్షణం ఏదో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

జీతం అందుకున్న మర్నాడే మానేస్తున్నారు

ముందు పాత హాజరు పుస్తకాలు తీయండి. రెండేళ్లలో మానేసినవారి చివరి రోజులను వరుసగా రాయండి. నేను రాసి చూస్తే ఎక్కువ మంది జీతం చేతికందిన రోజునో, ఆ మర్నాడో వెళ్లిపోయారు. కారణం నా పద్ధతిలోనే ఉంది. సరుకు బిల్లులు కట్టాక మిగిలినప్పుడు జీతాలు ఇచ్చేవాణ్ణి. ఒక నెల 5న, ఒక నెల 14న. పైగా బజారులో చాలామందిలాగే పదిహేను రోజుల జీతం పట్టి ఉంచేవాణ్ణి. అలా ఉంచితే మనిషి కదలడని మా నమ్మకం. నిజానికి ముందుగా చెబితే ఉన్న జీతం కూడా ఆగిపోతుందన్న భయంతో వారు చెప్పకుండా వెళ్లిపోయేవారు.

నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. ఇది చట్టం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం మానేసిన వ్యక్తికి రావలసినదంతా రెండు పనిదినాల్లో చెల్లించాలి. నేను 3వ తేదీ పెట్టుకున్నాను. పట్టి ఉంచిన జీతాలన్నీ ఒక్క దసరాకు లెక్క తీర్చేశాను. అప్పటి నుంచి మానేయాలనుకున్నవారు నెల ముందే చెబుతున్నారు. కొత్త మనిషికి పని నేర్పే సమయం దొరుకుతోంది.

సాయంత్రానికి విసుగు, కొనేవారితో దురుసు మాటలు

ఉదయం ముప్పై చీరలు ఓపికగా విప్పి చూపించిన అమ్మాయి, సాయంత్రం అయిదో చీరకే "ఇంతకన్నా లేవండి" అంటుంది. దాన్ని బద్ధకం అనుకున్నాను, మందలించాను కూడా. ఒక ఆదివారం ఇద్దరు రాకపోవడంతో నేనే కౌంటరు వెనుక నిలబడాల్సి వచ్చింది. నాలుగు గంటలయ్యేసరికి మడమలు మండిపోయాయి, పిక్కలు బిగుసుకుపోయాయి. ఆ వేళకు వచ్చిన ఒక పెద్దావిడ రంగు మార్చమని అడిగితే నా నోటి నుంచి కూడా చిరాకే వచ్చింది.

పూర్వం దుకాణంలో తెల్లటి పరుపుల మీద కూర్చునే చీరలు చూపించేవారు. గాజు కౌంటర్లు వచ్చాక పనివారికి కూర్చునే చోటు పోయింది. ఆ సంగతి ఎవరమూ గమనించలేదు. కేరళలో గమనించారు. కోళికోడ్ మిఠాయి వీధిలోని బట్టల దుకాణాల్లో పనిచేసే మహిళలు విజి అనే దర్జీ నాయకత్వంలో ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే దారిలో చట్టం చేసింది. కూర్చోవడం కోసం చట్టం తేవలసి వచ్చిందని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కౌంటరుకు ఒకటి చొప్పున స్టూలు వేయండి. అంతటితో పని పూర్తి కాదు. యజమాని కళ్లెదుట కూర్చోవడానికి జంకుతారు. కొనేవారు లేనప్పుడు కూర్చోవచ్చని అందరి ముందు చెప్పండి, మరో వారం గడిచాక మళ్లీ చెప్పండి. అలాగే మీ దుకాణంలో ఆడవారు పగలంతా నీళ్లు తాగుతున్నారా అన్నది చూడండి. తాగకపోతే మరుగుదొడ్డి లేదనో, ఉన్నా తాళం గల్లా దగ్గర ఉందనో అర్థం. తాళం తీసేయండి.

తప్పు జరిగితే ఎవరూ నోరు విప్పడం లేదు

స్టాకు లెక్కలో రెండు చీరలు తగ్గాయి. అడిగితే అందరిదీ ఒకటే మాట: "తెలియదండీ." నేను ఆ ధరను ఆ అంతస్తులోని అయిదుగురికీ పంచి కోసేవాణ్ణి. ఒకరి పొరపాటుకు అయిదుగురు నష్టపోయే చోట నిజం చెప్పినవాడు మిగతా నలుగురికీ శత్రువవుతాడు. ఇక ఎవరు చెబుతారు?

చట్టం కూడా ఈ కోతను ఒప్పుకోదు. ఆ వ్యక్తి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగిందని తేలాలి, అతని వివరణ వినాలి, జరిగిన నష్టానికి మించి కోయకూడదు. మా దుకాణంలో ఇప్పుడు ఉమ్మడి కోత లేదు. బిల్లు పొరపాటైనా, చిరిగిన అంచు అయినా అదే రోజు చెబితే డబ్బు కోయను. మొదటి రెండు నెలలు నష్టం పెరిగినట్టు కనిపించింది. అంతకుముందు దాచినవన్నీ బయటికి వచ్చాయి. మూడో నెల నుంచి తగ్గింది. మందలించవలసి వస్తే కొనేవారి ఎదుట వద్దు, గోదాములోకి పిలిచి మాట్లాడండి.

అడ్వాన్సు ఎప్పటికీ తీరడం లేదు

దేనికి తీసుకున్నారో పక్కన రాయడం మొదలుపెట్టండి. మా పుస్తకంలో సగానికి పైగా ఆసుపత్రి ఖర్చులే. పది మంది లేదా అంతకు మించి ఉన్న దుకాణానికి ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకూ వారి కుటుంబానికీ వైద్యం అందించే ప్రభుత్వ బీమా, వర్తిస్తుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారు అందులోకి వస్తారు. 12,000 జీతానికి పనివారి వాటా 90 రూపాయలు, యజమాని వాటా 390. దీన్ని తప్పించుకోవడానికి లెక్కల్లో తొమ్మిది మందినే చూపించేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. తల్లికి శస్త్రచికిత్స పడితే ఆ కుటుంబం అయిదు రూపాయల వడ్డీకి పోతుంది.

ముహూర్తం రోజుల్లో హాజరు పడిపోతోంది

మనకు బేరాలు ఎక్కువగా ఉండే రోజునే వారి ఇళ్లలోనూ పెళ్లిళ్లు ఉంటాయి. సెలవు అడిగితే ఇవ్వరని తెలుసు కాబట్టి అడగకుండా మానేస్తారు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే అందరితో కూర్చుని మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాలు గుర్తుపెట్టండి. ఎవరి ఇంట ఏ శుభకార్యమో అప్పుడే రాసుకోండి. రోజుకు ముగ్గురికి మించకుండా చూసుకుంటే చాలు.

పాతవారు ముభావంగా ఉంటున్నారు

నిన్న చేరిన మనిషి జీతం ఎనిమిదేళ్ల మనిషి జీతాన్ని దాటిందేమో చూడండి. దాటితే ఈ నెలే సరిచేయండి.

ఆడపిల్లలు కారణం చెప్పకుండా మానేస్తున్నారు

ఇంట్లో పెళ్లి కుదిరిందేమో అని వదిలేయకండి. ఒకే అంతస్తు నుంచి ఇద్దరు మానేశారంటే అక్కడి సూపర్‌వైజరు ప్రవర్తన గురించి విచారించండి. మీరు ఫోను చేస్తే చెప్పకపోవచ్చు. దుకాణంలో పెద్దదైన ఒక మహిళ చేత మాట్లాడించండి. 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే, ఒకరు బయటి వ్యక్తి. పది మందికన్నా తక్కువ ఉంటే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. కమిటీ సభ్యుల ఫోను నంబర్లు గల్లా పక్కన అంటిస్తే అందరి కళ్లెదుట వాటిని రాసుకోవడానికి ఎవరూ సాహసించరు. ఆడవారు భోజనం చేసే గదిలో, తలుపు లోపలి వైపు అంటించండి.