నిషి-కసాయ్‌కి కొత్తగా వస్తున్నారా, మిక్సీ సర్దేముందు ఒకసారి చదవండి

టోక్యోలో జాబ్ వచ్చి నిషి-కసాయ్‌లో ఇల్లు వెతుక్కునే మనవాళ్ళు ముందు అడిగేది మిక్సీ గురించే, అందుకే అక్కడే మొదలెడదాం. ఇంట్లో వాడే మిక్సీ తేకండి. ఇక్కడ కరెంటు 100 వోల్టులే, మన 230 వోల్టుల మిక్సీ పెడితే ఏదో తిరుగుద్ది గానీ మినప్పప్పు నలగదు. వోల్టేజ్ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది కానీ 750 వాట్ల మిక్సీకి 1000 వాట్లు దాటినదే కావాలి, ఆ బరువు, ఆ ఖర్చు, ఇక్కడి ఇరుకు కిచెన్‌లో అది ఆక్రమించే చోటు... ఎందుకండీ? అమెరికా వెళ్ళేవాళ్ళ కోసం మన దగ్గరే 110 వోల్టుల మోడల్స్ అమ్ముతారు, అది కొనుక్కు రండి, స్పీడ్ కొంచెం తగ్గినా చట్నీ పిండి అన్నీ అవుతాయి. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 అని ఉంటే ఏ గొడవా లేదు, రెండు బద్ద పిన్నుల అడాప్టర్ చాలు. మూడు పిన్నులది కొంటే ఇక్కడి గోడ సాకెట్లలో చాలావాటికి పట్టదు.

అద్దె ఇల్లంటే నాలుగ్గోడలే అనుకోండి. చాలా ఇళ్ళల్లో గదుల్లో లైట్లు కూడా ఉండవు, సీలింగ్‌కి సాకెట్ ఒకటి ఉంటుంది, లైటు మనమే కొని తగిలించుకోవాలి, కాబట్టి తాళాలు చీకటి పడకముందే తీసుకోండి. గ్యాస్ స్టవ్ కూడా చాలాచోట్ల మనదే. కొనేటప్పుడు లేబుల్ మీద 12ఏ-13ఏ అని ఉందా చూడండి, అది పైప్ గ్యాస్‌కి, టోక్యోలో ఎక్కువగా ఉండేది అదే. సిలిండర్ గ్యాస్ స్టవ్ వేరే, చవగ్గా వచ్చిందని అది తెచ్చుకుంటే పనికిరాదు. గ్యాస్ ఓపెన్ చేయడానికి కంపెనీ మనిషి వచ్చినప్పుడు మీరు ఇంట్లో ఉండాలి, ఇల్లు మారే రోజుకే బుక్ చేసుకోండి, లేకపోతే ఆ రాత్రి చన్నీళ్ళ స్నానమే.

ఇంక ట్రైన్. మనవాళ్ళు ఇక్కడ ఇంతమంది చేరడానికి తోజాయ్ లైన్ అనే మెట్రో ఒక పెద్ద కారణం, ఆఫీసులు ఎక్కువుండే ఒటెమాచికి ట్రైన్ మారకుండా వెళ్ళొచ్చు. ఇంకో కారణం యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే క్వార్టర్స్, అక్కడ కీ మనీ (ఓనర్‌కి ఇచ్చే, తిరిగిరాని డబ్బు) అడగరు, గ్యారంటీ ఇచ్చే జపనీస్ మనిషి అక్కర్లేదు. కాకపోతే ఉదయం ఆ లైన్ రష్ మామూలుగా ఉండదు, బ్యాగ్ ముందుకి వేసుకుని ఎక్కాలి, ఆ టైంలో ఆడవాళ్ళకి వేరే బోగీ ఉంటుంది, ప్లాట్‌ఫామ్ మీద రాసుంటుంది. కొత్తవాళ్ళు తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది రాపిడ్ సంగతి, అంటే కొన్ని స్టేషన్లలో ఆగకుండా పోయే ట్రైన్. ఆఫీసు నుంచి తిరిగొచ్చేటప్పుడు బోర్డు మీద రాపిడ్ అని చూసి త్వరగా వెళ్ళిపోవచ్చని ఎక్కారో, తోయోచో దాటాక అది నిషి-కసాయ్‌లో ఆగదు, నేరుగా ఉరయాసు తీసుకెళ్ళి దింపుతుంది, మళ్ళీ వెనక్కి రావాలి. లోకల్ ఎక్కండి. ట్రైన్‌లో ఫోన్ మాట్లాడకండి, అమ్మ చేసినా సరే, దిగాక చేస్తానని మెసేజ్ పెట్టేయండి.

సుయికా గానీ పాస్మో గానీ, డబ్బులు వేసుకుని వాడే కార్డు ఏదో ఒకటి తీసుకోండి, రెండూ అన్నిచోట్లా నడుస్తాయి, ప్లాస్టిక్ సుయికా అయితే 500 యెన్‌లు డిపాజిట్. ట్రైన్, బస్సు, కన్వీనియన్స్ స్టోర్, రోడ్డు పక్కన కూల్‌డ్రింక్ మెషిన్, అన్నిటికీ అదే కార్డు. ఐనా జేబులో కొంచెం క్యాష్ ఉంచుకోండి, చిన్న హోటళ్ళలో ఇంకా క్యాషే అడుగుతారు.

కందిపప్పు, చింతపండు, ఇడ్లీ రవ్వ ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, సూట్‌కేసు వీటితో నింపకండి, ఆవకాయకి చోటు ఉంచండి. సూపర్‌మార్కెట్లో ధర చీటీ మీద రెండు రేట్లు ఉంటాయి, పెద్దక్షరాల్లో ఉన్నది చాలాసార్లు ట్యాక్స్ లేని రేటు, తినేవాటికి 8 శాతం, మిగతావాటికి 10 శాతం కలుస్తుంది. షాపు మూసే టైం దగ్గరపడితే చేపలు, వండిన ఐటమ్స్ మీద సగం రేటు స్టిక్కర్ అంటిస్తారు, స్టిక్కర్లు అంటించే అమ్మాయి వెనకాలే చేతిలో బుట్టతో ఏమీ ఎరగనట్టు నడిచే గుంపు ఒకటి ఉంటుంది, మీరూ అందులో చేరిపోతారు. శాకాహారులు మాత్రం ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసి చూడందే ఏదీ కొనకండి, బ్రెడ్‌లో పంది కొవ్వు, వెజిటబుల్ సూప్‌లో చేప రసం ఉండే అవకాశం ఎక్కువే.

ఇండియా వెళ్ళిపోతున్నవాళ్ళు ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్ ఫ్రీగా ఇస్తామంటారు. తీసుకోండి, కానీ ఎన్నేళ్ళ పాతదో అడగండి. టీవీ, ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్, ఏసీ ఈ నాలుగూ చెత్తలో పడేయకూడదని 2001 నుంచి రూల్, రీసైక్లింగ్ ఫీజు కట్టి పంపాలి, అంటే ఫ్రీగా వచ్చిన ఫ్రిజ్జు చివర్న ఎవరి దగ్గర ఆగిపోతే ఖర్చు వాళ్ళదే. సైకిల్ కూడా అంతే, ఊరికే ఇచ్చారని తొక్కుకుంటూ వచ్చేయకండి. ప్రతి సైకిల్‌కీ ఒక రిజిస్ట్రేషన్ స్టిక్కర్ ఉంటుంది, పోలీసు ఆపి నంబర్ కొడితే పాత ఓనర్ పేరు వస్తుంది, అప్పుడు అది దొంగ సైకిల్ కాదని రోడ్డు మీద నిలబడి వచ్చీరాని జపనీస్‌లో చెప్పుకోవాలి. పాత ఓనర్ ఫ్లైట్ ఎక్కకముందే ఇచ్చేశానని ఒక కాయితం రాయించుకుని సైకిల్ షాపులో మీ పేరు మీదకి మార్పించుకోండి.