ఈనిన ఆవు, నలభై రోజులు – 3వ పాఠం: తోక కింద చూడటం

పోయిన పాఠం, దూడ పుట్టాక పడే మాయ దగ్గర ఆపాం. మామూలుగా ఎనిమిది గంటల్లోపే పడిపోతుంది, 24 గంటలు దాటితే ఆగిపోయినట్టే. వేలాడే మాయకు రాయి కట్టొద్దు, చేయి పెట్టి లాగొద్దు అని రెండుసార్లు రాశాను. ఇది మూడోసారి. ఒడిశాలోని పర్లాకిమిడిలో నా ఆవుకే ఒకాయన చేత లాగించాను. ఆ తర్వాత నాలుగుసార్లు ఎద సూది వేయించినా చూలు నిలవక పొర్లింది.

ఈనేటప్పుడు గర్భసంచి నోరు తెరుచుకునే ఉంటుంది. పేడ నుంచీ, తడి నేల నుంచీ, మన చేతుల నుంచీ బాక్టీరియా లోపలికి పోతుంది. మొదటి రెండు వారాల్లో దాదాపు ప్రతి ఆవులోనూ ఉంటుంది, అది జబ్బు కాదు. చాలా ఆవులు గర్భసంచిని వాటంతట అవే కడుక్కుంటాయి. కడుక్కోలేని ఆవును ముందే కనిపెట్టాలి.

పొద్దున్నే పాలు పిండకముందు ఆవు పడుకున్న చోటు చూడండి. ఎర్రగానో గోధుమ రంగులోనో జిగురుగా, వాసన లేకుండా పడితే మంచిదే, రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. నీళ్లలా పల్చగా, కుళ్లు కంపు కొడితే థర్మామీటరు తీయండి. దారం కట్టి, మలద్వారంలో గోడకు ఆనేలా రెండు నిమిషాలు ఉంచాలి. 101.5 ఫారెన్‌హీట్ మామూలు. 103 దాటి, మేత తగ్గితే అదే రోజు డాక్టరును పిలవాలి. మధ్యాహ్నం ఎండలో చూసి టెన్షన్ పడకండి, అప్పుడు కొంచెం ఎక్కువే చూపిస్తుంది. చేతికి తొడుగు తప్పనిసరి, బ్రూసెల్లా అనే బాక్టీరియా మనకూ అంటుతుంది.

21 రోజుల తర్వాత తెల్లటి చీము పడితే కథ వేరు. జ్వరం ఉండదు, పాలూ ఇస్తుంది, అందుకే మనం పట్టించుకోం. మొదట్లో ఎక్కువగా ఈ.కోలై అనే బాక్టీరియా చేరుతుంది. దాని విషం అండాశయం పనినీ చెడగొడుతుంది. వెనకాలే వచ్చే ట్రూపెరెల్లా అనే ఇంకో బాక్టీరియా గర్భసంచి లోపలి పొరను చంపి చీము పట్టిస్తుంది. ఎద ఆలస్యమవుతుంది, వచ్చినా చూలు నిలవదు.

డాక్టరుకు ఒడియాలో చెప్పాల్సి వస్తే వాసన గంధ, చీము పూజ. మొదటిసారి విన్నప్పుడు ఆవుకు పూజ చేయించమంటున్నారేమో అనుకున్నాను!

ఈ వారం పని: ఈనిన ఆవు ఉంటే, ఎన్నో రోజు, రంగు, వాసన, జ్వరం రోజూ నోటుబుక్కులో రాయండి. 4వ పాఠంలో ఆ పుస్తకం పట్టుకుని మొదటి ఎద లెక్క చూద్దాం.