రాసిన పేజీ క్లీన్‌గా, ముట్టుకోని పేజీ డర్టీగా కనిపిస్తే

నడుస్తున్న ప్రోగ్రామ్ స్థితిని దాచిపెట్టే చెక్‌పాయింట్ టూల్ అయినా, వర్చువల్ మెషీన్‌ను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చే ప్రోగ్రామ్ అయినా కెర్నల్‌ని అడిగేది ఒకటే: పోయినసారి చూశాక మెమరీలోని ఏయే పేజీలు (మామూలుగా 4 కేబీ ముక్కలు) మారాయి? మారిన పేజీని డర్టీ అని, మారనిదాన్ని క్లీన్ అని అంటారు. మారని పేజీని మారిందని చెబితే పని పెరుగుతుంది, అంతే. మారిన పేజీని మారలేదని చెబితే డేటా పోతుంది. అందుకే ఆ రెండో తప్పుతోనే మొదలుపెడుతున్నాను.

రాసిన పేజీ క్లీన్‌గా కనిపిస్తోంది

ముందు అసలు ట్రాకింగ్ ఉందో లేదో చూడండి. లినక్స్‌లో, మారిన పేజీలను గుర్తుపెట్టే సాఫ్ట్ డర్టీ సదుపాయం 2013లో 3.11 వెర్షన్‌తో వచ్చింది. ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) తాలూకు క్లియర్ రెఫ్స్ ఫైల్‌లో 4 అని రాస్తే పాత గుర్తులు చెరిగిపోతాయి. ఆ తర్వాత పేజ్‌మ్యాప్ ఫైల్ చదివితే ఒక్కో పేజీకి 64 బిట్ల ఎంట్రీ వస్తుంది. అందులో మనం చూడాల్సింది 55వ బిట్ (లెక్క సున్నా నుంచి). కెర్నల్‌ని ఈ ఆప్షన్ లేకుండా కంపైల్ చేసి ఉంటే ఆ బిట్ ఎప్పుడూ సున్నాగానే ఉంటుంది, ప్రోగ్రామేమో ఏదీ మారలేదని నమ్మేస్తుంది. కాబట్టి మొదట్లోనే ఒక పరీక్ష పెట్టండి: ఒక పేజీ తీసుకుని, గుర్తు చెరిపి, ఒక బైట్ రాసి, బిట్ 1 అయిందో లేదో చూడాలి. కాకపోతే అక్కడే ఆగిపోవాలి.

బిట్ పనిచేస్తూనే అప్పుడప్పుడు ఒక పేజీ తప్పిపోతోందంటే నేను మొదట అనుమానించేది వరుసని. పేజీని కాపీ చేసి, ఆ తర్వాత గుర్తు చెరిపితే, ఆ రెండిటి మధ్య జరిగిన రాత కాపీలోనూ ఉండదు, గుర్తులోనూ ఉండదు. ముందు చెరిపి తర్వాత కాపీ చేయండి. అప్పుడు మధ్యలో రాత జరిగినా ఆ పేజీ ఇంకోసారి కాపీ అవుతుంది, నష్టం లేదు. ప్రాసెస్‌ని మొదటి నుంచి చివరి దాకా ఆపి ఉంచితే ఏ వరుసైనా ఫర్వాలేదు. ఈ బగ్ మామూలు టెస్టుల్లో దొరకదు, ఎందుకంటే ఆ సందు చాలా చిన్నది. రెండు అడుగుల మధ్య కావాలనే కొంత ఆలస్యం పెట్టి చూడండి, వెంటనే బయటపడుతుంది.

సొంతంగా కెర్నల్ రాసేవాళ్లకి ఇదే తప్పు ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఎక్స్86 ప్రాసెసర్లలో పేజ్ టేబుల్ (ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టిక) ఎంట్రీలో 6వ బిట్ (ఇక్కడా లెక్క సున్నా నుంచి) డర్టీ బిట్. మొదటిసారి రాసినప్పుడు ప్రాసెసరే దాన్ని పెడుతుంది, పెట్టిన సంగతి టీఎల్‌బీలో (ఆ పట్టిక ఎంట్రీలను దాచుకునే ప్రాసెసర్‌లోని చిన్న కాష్) గుర్తుంచుకుంటుంది. మీరు మెమరీలో బిట్ చెరిపి టీఎల్‌బీని ఫ్లష్ (ఖాళీ) చేయకపోతే, ప్రాసెసర్ అది ఇంకా అక్కడే ఉందనుకుని మళ్లీ పెట్టదు. చెరపడం, అన్ని కోర్ల మీదా ఫ్లష్, ఆ తర్వాతే కాపీ. ఒక్క కోర్ మీద ఫ్లష్ చేస్తే చాలదు, అదే ప్రాసెస్‌లోని ఇంకో థ్రెడ్ పక్క కోర్ మీద నడుస్తూ ఉండవచ్చు. ఎంట్రీని చదవడం, చెరపడం కూడా ఒకే అటామిక్ (మధ్యలో ఇంకేదీ దూరలేని) ఆపరేషన్‌గా జరగాలి.

ఇంకో కారణం డీఎంఏ. పరికరం మెమరీలోకి నేరుగా రాసినప్పుడు ప్రాసెసర్ పేజ్ టేబుల్ మధ్యలోకి రాదు, కాబట్టి బిట్ మారదు. పని అయ్యాక ఆ పేజీని డర్టీ అని గుర్తుపెట్టడం డ్రైవర్ బాధ్యత.

ముట్టుకోని పేజీలన్నీ డర్టీగా వస్తున్నాయి

ప్రాసెస్ మెమరీ వివరాలిచ్చే ఎస్‌మ్యాప్స్ ఫైల్‌లో అనాన్ హ్యూజ్ పేజెస్ లైన్ చూడండి, పెద్ద పేజీలు ఎంత ఉన్నాయో అది చెబుతుంది. 2 ఎంబీ పెద్ద పేజీలో ఒక్క బైట్ మారినా 4 కేబీ పేజీలు 512 డర్టీ అయినట్టే. మీకు కావలసిన ప్రాంతానికి మాత్రమే ఎమ్‌అడ్వైజ్ కాల్‌తో పెద్ద పేజీలు వద్దని చెప్పండి. అది కూడా మెమరీని తాకక ముందే చెప్పాలి, అప్పటికే ఏర్పడిన పెద్ద పేజీని అది విడగొట్టదు.

చాలామంది గమనించనిది హీప్ (ప్రోగ్రామ్ నడుస్తూ అడిగి తీసుకునే మెమరీ) సంగతి. బీఆర్‌కే కాల్‌తో హీప్ కొంచెం పెరిగినా కెర్నల్ ఆ ప్రాంతం మొత్తానికీ సాఫ్ట్ డర్టీ జెండా తగిలిస్తుంది, పేజ్‌మ్యాప్‌లో హీప్ అంతా మారినట్టు కనిపిస్తుంది. ఎమ్‌మ్యాప్ కాల్‌తో తీసుకున్న కొత్త మెమరీ ప్రాంతం పాతదానితో కలిసిపోయినా ఇదే జరుగుతుంది. ట్రాక్ చేయాల్సిన డేటాని మొదట్లోనే విడిగా, సరిపడినంత ఎమ్‌మ్యాప్ చేసి పెట్టుకోండి. 6.7 లేదా ఆపై కెర్నల్ ఉంటే యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డీ రైట్ ప్రొటెక్ట్‌తో (రాతల్ని పట్టుకునే సదుపాయం) కలిపి పేజ్‌మ్యాప్ స్కాన్ (రాసిన పేజీలను వెతికిపెట్టే కాల్) వాడండి, ఈ గొడవే ఉండదు.

ట్రాకింగ్ మొదలవగానే ప్రోగ్రామ్ స్లో అయింది

గుర్తు చెరిపినప్పుడు కెర్నల్ పేజీలకు రాసే అనుమతి తీసేస్తుంది, కాబట్టి ప్రతి పేజీ మీద మొదటి రాతకి ఒక పేజ్ ఫాల్ట్ (ప్రోగ్రామ్ ఆగి కెర్నల్‌లోకి వెళ్లి రావడం) పడుతుంది. ఒకసారి చెరిపాక మళ్లీ చెరిపేదాకా ఉండే వ్యవధి పెంచండి.

వర్చువల్ మెషీన్ మైగ్రేషన్ పూర్తవడం లేదు

లెక్క వేసి చూడండి. 10 గిగాబిట్ లింకులో సెకనుకి మహా అయితే 1.25 జీబీ వెళ్తుంది, అంటే సుమారు 3 లక్షల పేజీలు. గెస్ట్ (ఆ వర్చువల్ మెషీన్) అంతకంటే వేగంగా పేజీలు మారుస్తుంటే ఎంతసేపు ఎదురుచూసినా పూర్తి కాదు. వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎమ్‌యూలో ఆటో కన్వర్జ్ పెడితే గెస్ట్ ప్రాసెసర్‌ని నెమ్మది చేస్తుంది. పోస్ట్ కాపీ (గెస్ట్‌ని ముందే కొత్త సర్వర్‌లో నడిపించి, మిగిలిన పేజీలు తర్వాత తెచ్చుకోవడం) అయితే తప్పకుండా పూర్తవుతుంది గానీ, మధ్యలో నెట్‌వర్క్ తెగితే గెస్ట్ మెమరీ సగం ఇక్కడ, సగం అక్కడ ఉండిపోతుంది. ముఖ్యమైన మెషీన్లకి నేను ఆటో కన్వర్జ్‌నే ముందు ప్రయత్నిస్తాను.

ఫైల్ రాతలు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయి

ఇది వేరే డర్టీ. మెమ్‌ఇన్ఫో ఫైల్‌లో కనిపించే డర్టీ అంకె డిస్కుకి చేరాల్సిన ఫైల్ పేజీలది, మామూలు హీప్ మెమరీ అందులోకి రాదు. అందుబాటులో ఉన్న మెమరీలో ఇవి ఎంత శాతం దాకా ఉండవచ్చో రెండు హద్దులున్నాయి: డర్టీ బ్యాక్‌గ్రౌండ్ రేషియో (ఇది దాటితే కెర్నల్ వెనకాల డిస్కుకి రాయడం మొదలుపెడుతుంది) మామూలుగా 10 శాతం, డర్టీ రేషియో 20 శాతం. రెండో హద్దు వైపు పోయేకొద్దీ రాసే ప్రోగ్రామ్‌ని కెర్నల్ మధ్యమధ్య ఆపుతుంది. మెమరీ చాలా ఎక్కువగా, డిస్కు నెమ్మదిగా ఉన్న చోట ఈ శాతాలు మరీ పెద్దవి. వాటి బదులు డర్టీ బైట్స్, డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్‌తో చిన్న హద్దులు పెట్టండి. బైట్స్ పెట్టగానే రేషియో సున్నా అని కనిపిస్తుంది, టెన్షన్ పడకండి: రెండిట్లో ఒకటే అమల్లో ఉంటుంది.