పిచర్ గణాంకాలు చదవడం – 5వ పాఠం: కెరీర్ చిన్నదైతే లెక్క ఎలా చూడాలి?

పోయిన పాఠంలో బేస్‌బాల్ పిచర్ (బంతి వేసేవాడు) ఈఆర్ఏ చూశాం. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి పక్కన పెట్టి, పిచర్ ఇచ్చిన పరుగులను 9తో గుణించి, అతను వేసిన ఇన్నింగ్స్‌తో భాగిస్తే వచ్చేది ఈఆర్ఏ. ఎంత తక్కువైతే అంత మంచిది. ఈసారి అదే సూత్రాన్ని రెండే సీజన్లు ఆడిన ఒకతని మీద ప్రయోగిద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

అతని పేరు కార్ల్ స్పూనర్. ఎడమచేతి వాటం. బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున 1954, 1955లలో ఆడాడు. రికార్డు పుస్తకంలో మొత్తం కెరీర్ ఒకే వరుసలో ఉంటుంది: 10 గెలుపులు, 6 ఓటములు, 116.2 ఇన్నింగ్స్, 105 స్ట్రైకౌట్లు (ఫీల్డర్ల సాయం లేకుండా పిచరే బ్యాటర్‌ని అవుట్ చేయడం), ఈఆర్ఏ 3.09.

ముందు ఆ 116.2 సంగతి తేల్చుకుందాం. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. క్రికెట్లో 16.2 ఓవర్లంటే 16 ఓవర్ల 2 బంతులు కదా, ఇదీ అలాంటిదే: 116 ఇన్నింగ్స్, ఆపైన 2 అవుట్లు. ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు కాబట్టి అన్నిటినీ అవుట్లలోకి మార్చేస్తే గొడవ వదిలిపోతుంది. 116 × 3 + 2 = 350 అవుట్లు. ఇకపై 9 బదులు 27తో గుణించి, అవుట్లతో భాగించండి. స్పూనర్ ఇచ్చిన పరుగులు 40. 40 × 27 ÷ 350 = 3.09. సరిపోయింది.

ఈ వరుస చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? బాగానే వేశాడు, రెండేళ్లకే ఎందుకు మానేశాడో, అని. దాన్ని రెండు ముక్కలు చేసి చూడండి.

1954: అవుట్లు 54, పరుగులు సున్నా, స్ట్రైకౌట్లు 27.
1955: అవుట్లు 296, పరుగులు 40, స్ట్రైకౌట్లు 78.

మొదటి ముక్కలో ఉన్నవి రెండే మ్యాచ్‌లు. 1954 సెప్టెంబరు 22న న్యూయార్క్ జెయింట్స్ మీద అరంగేట్రం, 3–0తో గెలుపు, 15 స్ట్రైకౌట్లు. తొలి మ్యాచ్‌లోనే అన్ని స్ట్రైకౌట్లు అంతకుముందు ఎవరూ చేయలేదు. నాలుగు రోజుల తర్వాత పిట్స్‌బర్గ్ మీద 1–0, ఇంకో 12. అంటే అతను తీసిన అవుట్లలో సగం స్ట్రైకౌట్లే! అంతకుముందు అదే ఏడాది టెక్సాస్ లీగ్‌లో (మేజర్ లీగ్‌కి కింది స్థాయి మైనర్ లీగ్) 262 స్ట్రైకౌట్లు చేసి వచ్చాడు కాబట్టి ఇది గాలివాటం కాదు.

తొమ్మిది ఇన్నింగ్స్‌కి స్ట్రైకౌట్ల లెక్కకూ అదే సూత్రం. 1954లో 27 × 27 ÷ 54 = 13.5. 1955లో 78 × 27 ÷ 296 = 7.1. దాదాపు సగానికి పడిపోయింది.

కారణం భుజం. 1955 వసంతంలో ప్రాక్టీసు మ్యాచ్‌లో వార్మప్ పూర్తికాకుండానే వేయబోయి దెబ్బ తెచ్చుకున్నాడు. ఈఆర్ఏ మాత్రమే చూస్తే ఆ ఏడాది 3.65, ఫర్వాలేదు. ఏదో తేడా కొట్టిందని గట్టిగా చెప్పేది స్ట్రైకౌట్ల అంకె. పరుగుల్లో ఫీల్డర్ల చేయి ఉంటుంది, అదృష్టమూ ఉంటుంది. స్ట్రైకౌట్ చాలావరకు పిచర్ చేతిలోనిదే. అందుకే చిన్న కెరీర్లలో నేను ముందు చూసేది దాన్నే.

అలాగని మొత్తం భుజం మీదకే నెట్టకండి. 54 అవుట్లు చాలా చిన్న సంఖ్య, ఆరోగ్యంగా ఉన్నా 13.5 దగ్గర నిలబడేవాడు కాదు. పైగా ఆ రోజుల్లో లీగ్ సగటు 5 లోపే. అంటే నొప్పి చేతితో కూడా స్పూనర్ సగటుకు బాగా పైనే ఉన్నాడు.

భాగహారంలో కింది అంకె చిన్నదైతే ఏమవుతుందో చూడాలంటే 1955 వరల్డ్ సిరీస్‌కి, అంటే మేజర్ లీగ్ ఫైనల్‌కి వెళ్లాలి. రెండో మ్యాచ్‌లో మధ్యలో వచ్చి 3 ఇన్నింగ్స్ వేశాడు, పరుగులివ్వలేదు. అక్టోబరు 3న ఆరో మ్యాచ్‌ని అతనే మొదలుపెట్టాడు. ఒక్క అవుట్ తీసి, ప్రత్యర్థి యాంకీస్‌కి 5 పరుగులిచ్చి దిగిపోయాడు. అందులో మూడు బిల్ స్కౌరన్ హోమ్ రన్‌తో వచ్చినవే. ఆ మ్యాచ్ ఈఆర్ఏ: 5 × 27 ÷ 1 = 135. రెండు మ్యాచ్‌లూ కలిపితే 5 × 27 ÷ 10 = 13.5. ఇలాంటి అంకెలతో మనిషిని తూచకూడదు. మర్నాడు జానీ పోడ్రెస్ 2–0తో గెలిపించి బ్రూక్లిన్‌కి దాని ఏకైక టైటిల్ తెచ్చాడు. స్పూనర్ మైనర్ లీగుల్లో ఇంకొన్నాళ్లు ప్రయత్నించాడు గానీ మేజర్ లీగ్‌లో మళ్లీ బంతి వేయలేదు.

ఇంటిపని: డెట్రాయిట్ పిచర్ మార్క్ ఫిడ్రిచ్, 1976 నుంచి 1980 వరకు. మొదటి ఏడాది 250.1 ఇన్నింగ్స్, 65 పరుగులు, 97 స్ట్రైకౌట్లు. మొత్తం కెరీర్ 412.1 ఇన్నింగ్స్, 142 పరుగులు.

1. మొదటి ఏడాది ఈఆర్ఏ, మిగతా నాలుగేళ్ల ఈఆర్ఏ విడివిడిగా కట్టండి.
2. మొదటి ఏడాది తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఎన్ని స్ట్రైకౌట్లు? అంత తక్కువతో 19 మ్యాచ్‌లు ఎలా గెలిచి ఉంటాడో రెండు వాక్యాల్లో రాయండి.

జవాబులు 6వ పాఠంలో. అందులో వాక్‌లు, హిట్‌లు కలిపి చూసే లెక్క మొదలుపెడదాం, రెండో ప్రశ్నకు అది కావాలి.