వర్చువల్ మెషిన్‌కు సొంత ఐపీఎక్స్‌ఈ రోమ్ తయారుచేసి అమర్చడం

కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషిన్లను నడిపే సౌకర్యం) మీద నడిచే వర్చువల్ మెషిన్‌లో నెట్‌వర్క్ బూట్ (డిస్కు నుంచి కాక నెట్‌వర్క్ నుంచి మెషిన్‌ను ప్రారంభించడం) పనంతా నెట్‌వర్క్ కార్డుకు జతచేసిన ఒక చిన్న రోమ్ ఫైలు చూసుకుంటుంది. మెషిన్ హార్డ్‌వేర్‌ను అనుకరించే క్యూఈఎంయూ ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే ఆ ఫైలు కూడా ఐపీఎక్స్‌ఈ అనే నెట్‌వర్క్ బూట్ ప్రోగ్రామే. కాకపోతే దానికి మన బూట్ సర్వర్ చిరునామా తెలియదు కనుక డీహెచ్‌సీపీ సర్వర్ (నెట్‌వర్క్‌లోని మెషిన్లకు ఐపీ చిరునామాలు ఇచ్చేది) చూపిన చోటికే వెళ్తుంది. డీహెచ్‌సీపీ మన చేతిలో లేనప్పుడు, ఆ చిరునామాను రోమ్‌లోనే పొదగడం సులువైన మార్గం.

ముందుగా గిట్‌తో ఐపీఎక్స్‌ఈ సోర్సు తెచ్చుకుని, దాన్ని కట్టడానికి కావలసిన జీసీసీ, మేక్, పెర్ల్, ఎల్‌జెడ్ఎంఏ (కంప్రెషన్ లైబ్రరీ) హెడర్ ఫైళ్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. తరువాత ఒక చిన్న స్క్రిప్టు రాయాలి: మొదటి వరుసలో హాష్, ఆశ్చర్యార్థకం, వాటిని ఆనుకుని ఐపీఎక్స్‌ఈ, రెండో వరుసలో డీహెచ్‌సీపీ, మూడో వరుసలో చెయిన్ అనే ఆదేశం (ఇచ్చిన చిరునామాలోని ఫైలును తెచ్చి నడుపుతుంది), దాని పక్కన మన బూట్ సర్వర్ హెచ్‌టీటీపీ చిరునామా. డీహెచ్‌సీపీ విఫలమైతే స్క్రిప్టు అక్కడితో ఆగిపోతుంది కనుక, ఆ వరుస చివర రెండు నిలువు గీతలు పెట్టి షెల్ (ఐపీఎక్స్‌ఈ ఆదేశాలు టైపు చేసే చోటు) అని చేర్చడం మంచిది. అప్పుడు తప్పెక్కడో అక్కడే వెతకవచ్చు.

హెచ్‌టీటీపీఎస్ కావాలంటే కాన్ఫిగ్ ఫోల్డరులోని లోకల్ అనే ఫోల్డరులో జనరల్ హెడర్ ఫైలు సృష్టించి, డౌన్‌లోడ్ ప్రోటో హెచ్‌టీటీపీఎస్ అనే పేరును డిఫైన్ చేయాలి.

ఇక మేక్ ఆదేశంతో రోమ్ కట్టడం. వర్టియో (వర్చువల్ మెషిన్ల కోసమే రూపొందించిన) నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య సాధారణంగా 1ఏఎఫ్4:1000 కాబట్టి, బిన్ ఫోల్డరులో ఆ అంకెల పేరుతోనే రోమ్ ఫైలును లక్ష్యంగా ఇచ్చి, ఎంబెడ్ అనే విలువకు స్క్రిప్టు దారిని చూపాలి. క్యూ35 రకం మెషిన్‌లో అదే కార్డు 1041గా కనిపించవచ్చు. గెస్టులో (వర్చువల్ మెషిన్ లోపల) ఎల్ఎస్‌పీసీఐ ఆదేశంతో చూసి నిర్ధారించుకోండి. యూఈఎఫ్ఐతో (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) బూట్ అయ్యే మెషిన్‌కు ఈ రోమ్ పనికిరాదు. దానికి ఈఎఫ్ఐ ఫోల్డరులో ఈఎఫ్ఐరోమ్ రకం ఫైలును కట్టాలి.

ఫైలును హోమ్ ఫోల్డరులో వదిలేస్తే లిబ్‌వర్ట్ (వర్చువల్ మెషిన్లను నిర్వహించే సాధనం) నడిపే ప్రాసెస్‌కు చదివే అనుమతి దొరకకపోవచ్చు కనుక, అందరూ చదవగల సిస్టమ్ ఫోల్డరులో పెట్టి, వర్ష్ ఎడిట్ ఆదేశంతో మెషిన్ అమరికల ఫైలు తెరిచి, ఇంటర్‌ఫేస్ విభాగంలో రోమ్ ట్యాగు చేర్చి పూర్తి దారి ఇవ్వాలి. నేను ఇక్కడే ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను: గెస్టులోంచి రీబూట్ కొడుతూ, పాత రోమే ఎందుకు వస్తోందని తల పట్టుకున్నాను. మెషిన్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ప్రారంభిస్తేనే కొత్త ఫైలు లోడ్ అవుతుంది. హెచ్‌టీటీపీఎస్ చేర్చి ఉంటే, తెరపై ఫీచర్స్ అనే వరుసలో హెచ్‌టీటీపీఎస్ కనిపిస్తే అది మీరు కట్టిన రోమేనని అనుకోవచ్చు.