ఐర్లాండ్‌కి కొత్తగా వచ్చారా? ఈ తియ్యటి మాటల సంగతి చూడండి

డబ్లిన్‌లోనో కార్క్‌లోనో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పొగడ్తలు మొదలవుతాయి. చిన్న మెయిల్ పంపితే ‘యూ ఆర్ ఎ స్టార్’ అంటారు. తలుపు తీసి పట్టుకుంటే ‘యూ ఆర్ వెరీ గుడ్’. ఇక ‘ఫెయిర్ ప్లే టు యూ’ (శభాష్ అన్నట్టు) అయితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినబడుతూనే ఉంటుంది. తెగ మురిసిపోకండి, అలాగని వెటకారమనీ అనుకోకండి. ఇక్కడ అది మర్యాద, అంతే. మీ పని గురించి మేనేజర్ నిజంగా ఏమనుకుంటున్నారో రివ్యూలో రాసింది చదివితే తెలుస్తుంది.

మర్యాద దాటి మునగచెట్టు ఎక్కిస్తుంటే దాన్ని బ్లార్నీ అంటారు. అది కార్క్‌కి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి పేరు. అక్కడి కోట 1446లో మెక్‌కార్తీ వంశం కట్టించింది. ఆ వంశపు దొర ఒకాయన మొదటి ఎలిజబెత్ రాణికి కోట అప్పగించకుండా కమ్మటి మాటలతో కాలం నెట్టుకొచ్చాడట. విసిగిపోయిన రాణి ‘ఇదంతా బ్లార్నీ’ అందట. కథ బాగుంది, కథగానే వినండి. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన వాడుకమాటల నిఘంటువు ఇంకో సంగతి చెబుతుంది. కోట మీద బ్లార్నీ రాయి అని ఒకటుంది, దాని దాకా ఎక్కడం మహా కష్టమట, ఎక్కకుండానే ఎక్కామని చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారట. అందులో బ్లార్నీకి ముందిచ్చిన అర్థం కోతలు కొయ్యడం. పొగడ్త అన్న అర్థం ‘ఒక్కోసారి’ అంటూ చివర్లో వస్తుంది. నాకైతే రాణి కథకన్నా ఇదే నమ్మబుద్ధేస్తుంది.

ప్లామాస్ అని ఇంకో మాట కూడా వింటారు. ఇది ఐరిష్ భాషది. ఏదో పని చేయించుకోవడానికి ముందుగా వెన్న రాయడమన్నమాట. బ్లార్నీ అన్నా, ప్లామాస్ అన్నా నవ్వుతూనే అంటారు, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. జాగ్రత్తపడాల్సింది ‘లిక్’ దగ్గర. బాస్‌ని కాకా పట్టేవాణ్ని అలా అంటారు, అది తిట్టు కిందే లెక్క. మనవాళ్లు తెలియకుండా ఇరుక్కునేది ఇక్కడే. మాటకోసారి సార్ అనడం, మెయిల్‌లో ‘రెస్పెక్టెడ్ సార్’ అని మొదలుపెట్టడం మనకి గౌరవం, పక్క సీటువాళ్లకి మాత్రం వేరేలా కనబడొచ్చు. ఐటీ కంపెనీల్లో డైరెక్టర్నయినా పేరుపెట్టి పిలిచేయండి. ఆసుపత్రుల్లో పెద్ద డాక్టర్ల దగ్గర పద్ధతి వేరు, మిగతావాళ్లు ఎలా పిలుస్తున్నారో చూసి అలాగే పిలవండి.

మిమ్మల్ని ఎవరైనా పొగిడితే? ‘డ్రెస్ భలే ఉంది’ అంటే ఇక్కడి ఆడవాళ్లు చాలామంది ‘థ్యాంక్స్, పెన్నీస్’ అని తేల్చేస్తారు. బయటి దేశాల్లో ప్రైమార్క్ అని పిలిచే చవక బట్టల దుకాణం అది. 1969లో డబ్లిన్ మేరీ స్ట్రీట్‌లో ఈ పేరుతోనే మొదలైంది. గొప్పలు పోకుండా ఇలా తగ్గించుకుని మాట్లాడితే మీరూ ఇట్టే కలిసిపోతారు.

‘ఒకసారి తప్పకుండా కలుద్దాం’ అన్నంత మాత్రాన పిలుపు వచ్చినట్టు కాదు, తేదీ చెప్పాకే లెక్క. ఇంటికి వెళ్తే టీ సంగతి మనకి అలవాటైనదే: మొదట వద్దంటాం, వాళ్లు బలవంతపెడతారు, అప్పుడు తాగుతాం.

బ్లార్నీ కోట చూడాలనుకుంటే కార్క్ నుంచి బస్సుంది. ఎండాకాలం సెలవుల్లో క్యూ పెద్దది, పొద్దున్నే వెళ్లండి. రాయిని ముద్దాడితే మాటకారితనం వస్తుందని నమ్మకం. దానికోసం ఇరుకు మెట్లెక్కి, కోట కొసన వెల్లకిలా పడుకుని, ఇనుప కమ్మీలు పట్టుకుని తల వెనక్కి వాల్చాలి. అక్కడో మనిషి మిమ్మల్ని పట్టుకుంటాడు. ఫోను, కళ్లజోడు ముందే తీసి పక్కన పెట్టండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి నడుంనొప్పి ఉంటే కింద తోటలు తిప్పండి, చూడ్డానికి చాలా ఉంది. అందులో ఒకటి విషమొక్కల తోట. పిల్లలుంటే అక్కడ చెయ్యి వదలకండి.